మా ఆవిడ నాకంటే బలవంతురాలు, నాలో ఏదైనా లోపం ఉందా?

విశాఖ కంచరపాలెం వైపు నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు, గుర్తుపట్టే వివరాలు మార్చమన్నారు, మార్చాను. ఆయనకి 34 ఏళ్లు, పోర్టు దగ్గర ఒక ఆఫీసులో లెక్కలు చూస్తారు. బక్క మనిషి, 56 కిలోలు, చిన్నప్పటి నుంచీ అంతే. భార్యది విజయనగరం వైపు పల్లె. పెళ్లికి ముందు ఆరేడేళ్లు వెయిట్‌లిఫ్టింగ్ చేసింది, రాష్ట్ర స్థాయి పోటీల దాకా వెళ్లింది. పెళ్లిచూపుల్లో ఆ సంగతి అందరూ గొప్పగానే చెప్పుకున్నారు. ఇప్పుడు ఏడేళ్ల బాబు ఉన్నాడు.

గొడవ గ్యాస్ బండ దగ్గర మొదలైంది. వాళ్లది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. బండ తెచ్చిన కుర్రాడు కిందే పెట్టి వెళ్లిపోతే, ఈయన దాన్ని ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ మొదటి అంతస్తు మలుపులో ఆగిపోయారు. ఊపిరి అందట్లేదు, చెయ్యి వదిలితే బండ కిందకి దొర్లేలా ఉంది. పైనుంచి భార్య దిగి వచ్చింది, చున్నీ నడుముకి బిగించుకుంది, బండ ఎత్తి భుజాన పెట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది. వెనకాలే వస్తున్న బావమరిది అదంతా ఫోన్‌లో తీసి ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, కింద "అక్క లిఫ్టు, బావ లగేజీ" అని రాశాడు. అందరూ నవ్వారు. ఈయన కూడా నవ్వే బొమ్మ ఒకటి పెట్టారు గానీ ఆ రాత్రి నిద్రపోలేదు.

తర్వాత వాళ్లమ్మ "మగాడివై ఉండి ఇదేం కర్మరా" అంది. ఆఫీసులో ఒకాయన ఒక వీడియో పంపాడు. లక్షల ఏళ్లు మగవాళ్లు ఒకరితో ఒకరు కొట్లాడుకోవడం వల్లే మగ శరీరం బలంగా తయారైందని, బలం లేని మగాడు ప్రకృతి చేసిన పొరపాటని అందులో ఒకడు చెప్తాడట. దాన్ని ఈయన పదిసార్లు చూశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే భార్య దగ్గర్లోని జిమ్‌లో ఆడపిల్లలకి లిఫ్టింగ్ నేర్పడానికి వెళ్తోంది, ఉదయం రెండు గంటలు, ఏదో కొంత జీతం. ఈయన ఒకరోజు "ఇంక మానెయ్" అన్నారు. ఎందుకో చెప్పలేదు, ఆవిడా అడగలేదు. బూట్లూ నడుం బెల్టూ గోనెసంచిలో వేసి అటక మీదకి తోసేసింది. ఆ రోజు నుంచి ఇంట్లో బరువైనది ఏదీ ముట్టుకోదు. 26 కిలోల బియ్యం బస్తా పొద్దున్న వస్తే సాయంత్రం ఈయన ఇంటికొచ్చేదాకా గుమ్మంలోనే ఉంటుంది. "ఇదేంటి అంటే, నువ్వే కదా మానీమన్నావు అంది. కోపంగా కూడా అనలేదండీ, అదే తట్టుకోలేకపోతున్నాను" అని రాశారు. పైగా మొన్న బాబు, "నాన్నా, నువ్వూ అమ్మా పోటీ పడితే ఎవరు గెలుస్తారు?" అని అడిగితే ఈయన టీవీ సౌండ్ పెంచారట.

వీడియోలో చెప్పింది నిజమా, హార్మోన్ల టెస్టు చేయించుకోవాలా, జిమ్‌కి వెళ్లాలా, ఇప్పుడు ఏం చేయాలి అన్నవి ఆయన ప్రశ్నలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముప్పై ఏళ్లు పీఈటీగా పనిచేసినదాన్ని, ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ ఒకే గ్రౌండులో పరిగెత్తించినదాన్ని, అందుకని మీ మొదటి ప్రశ్న దగ్గరే కాస్త ఎక్కువసేపు ఉంటాను. ఆ వీడియో అంతా అబద్ధమని చెప్పి మిమ్మల్ని ఓదార్చను, ఎందుకంటే అందులో సగం నిజమే. నిజం ఉంది కాబట్టే అంతలా గుచ్చుకుంది.

ఆరో తరగతి దాకా పరుగులో ఆడపిల్లలకీ మగపిల్లలకీ పెద్ద తేడా ఉండదు. మా స్కూల్లో రన్నింగ్ రేసుల్లో ఆడపిల్లలు గెలిచిన సంవత్సరాలు ఎన్నో ఉన్నాయి. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి అదే పిల్లలు, అదే గ్రౌండు, గెలిచేది మాత్రం మగపిల్లలే. మధ్యలో జరిగింది టెస్టోస్టిరాన్, మగ హార్మోన్. పెద్దయ్యాక మగవాళ్ల రక్తంలో ఇది ఆడవాళ్లలో కంటే దాదాపు 15 రెట్లు ఎక్కువ ఉంటుంది, దానితో కండ, ఎముక, రక్తంలో హిమోగ్లోబిన్ అన్నీ పెరుగుతాయి. సగటు లెక్క చూస్తే మగవాళ్లకి నడుం పైభాగం బలం ఆడవాళ్ల కంటే దాదాపు 90 శాతం ఎక్కువ, కాళ్లలో తేడా అంతకంటే తక్కువ, 65 శాతం చుట్టుపక్కల. 2020లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వాళ్లు గుద్దే కదలికలో చేతి శక్తిని కొలిచారు. మగవాళ్ల సగటు ఆడవాళ్ల సగటు కంటే రెండున్నర రెట్లు పైనే వచ్చింది, వాళ్లు కొలిచినవాళ్లలో అందరికంటే వెనకబడ్డ మగవాడు కూడా అందరికంటే ముందున్న ఆడమనిషిని దాటాడు. తేడా అన్నిచోట్లా ఒకేలా లేకుండా చేతుల్లో, భుజాల్లో ఇంత ఎక్కువగా ఉండటం మగవాళ్ల మధ్య పోట్లాటల గుర్తే అని ఆ పరిశోధకులు అంటారు. వేట, విసరడం లాంటి వేరే కారణాలు చెప్పేవాళ్లూ ఉన్నారు, కానీ పోటీకి ఇందులో పెద్ద వాటా ఉందని చాలామంది ఒప్పుకుంటారు. ఆలోచన కొత్తదేం కాదు, 1871లోనే డార్విన్ రాశాడు. జంట కోసం మగవాటి మధ్య పోటీ గట్టిగా ఉన్న జంతువుల్లో మగది పెద్దదిగా, బలంగా, కోరలతోనో కొమ్ములతోనో తయారవుతుంది. గెలిచినదానికి పిల్లలు ఎక్కువ, ఆ ఒళ్లే తర్వాతి తరానికి వెళ్తుంది. మన మార్కెట్లో మండపీతలు కొనేవాళ్లని అడగండి, ముందు కాళ్లు లావుగా ఉన్న మగ పీత కావాలని ఏరుకుంటారు. ఆ కాళ్లతో అది సాటి మగ పీతలతోనే తలపడుతుంది.

ఇంతవరకూ వీడియో నిజమే చెప్పింది. అక్కడి నుంచి దారి తప్పింది.

మొదటి సంగతి, ఆ పోటీ జరిగింది మగవాళ్లకీ మగవాళ్లకీ మధ్య. మీ ఆవిడ ఆ బరిలో ఎప్పుడూ లేదు. మీరు ఆ మెట్ల మలుపులో ఓడిపోయానని అనుకున్నారు చూడండి, అక్కడ అవతలి పక్షం అంటూ ఎవరూ లేరు. ఆవిడ దిగి వచ్చింది బండ మీ కాలి మీద పడకుండా. బావమరిది ఫోన్‌లోంచి చూడబట్టి అది మీకు పోటీలా కనపడింది.

రెండోది చాలామందికి తెలియదు. ఈ రోజు అద్దం ముందు నిలబడి మీ కోరపళ్లు చూసుకోండి, తర్వాత మీ ఆవిడవి ఎప్పుడైనా నవ్వినప్పుడు చూడండి. తేడా ఏమీ కనపడదు. మగ గొరిల్లాకి, బబూన్ అనే పెద్ద కోతుల్లో మగదానికి అలా కాదు, వాటి కోరలు ఆడవాటి కోరల కంటే చాలా పొడుగు, అవి కొట్లాటకి ఆయుధాలు. మగ గొరిల్లా బరువు ఆడదానికి దాదాపు రెండింతలు. మనిషిలో మగవాళ్లు ఎత్తులో 7, 8 శాతం మాత్రమే ఎక్కువ. ఇథియోపియాలో దొరికిన 44 లక్షల ఏళ్ల కిందటి ఆర్డిపిథెకస్ (మనిషి పూర్వీకులకి దగ్గరి జాతి) శిలాజాల్లో కూడా మగవాటి కోరలు అప్పటికే చిన్నవైపోయి ఉన్నాయి. ఎందుకు చిన్నవయ్యాయి అంటే, చేతికి రాయీ కర్రా వచ్చాక కోరల అవసరం తగ్గిందని కొందరు, మగవాళ్లు కొట్లాట తగ్గించుకుని ఆడవాళ్లకీ పిల్లలకీ తిండి తెచ్చే వైపు తిరిగారని ఇంకొందరు చెప్తారు. ఏది సరైనదైనా, మనిషి బిడ్డ మిగతా జంతువుల పిల్లల్లాగా తొందరగా తన కాళ్ల మీద తాను నిలబడదు, పదిహేనేళ్లు ఎవరో ఒకరు సాకాలి. ఆ సాకడంలో తండ్రికి ఇంత చోటు ఉన్న జంతువులు పాలిచ్చే వాటిలో చాలా తక్కువ. అంటే మగవాడి ఒంటి మీద కొట్లాట చరిత్ర ఎంత ఉందో, కొట్లాట తగ్గించుకున్న చరిత్ర కూడా అంతే ఉంది. ఆ వీడియో చేసినాయన మొదటిది చెప్పి రెండోది వదిలేశాడు. మీ ఉత్తరం మూడో పేజీలో, రోజూ రాత్రి బాబుకి ఎక్కాలు చెప్పి పడుకోబెడతానని ఏదో మాటల్లో మాటగా ఒక్క లైనులో రాసేశారు. నేనైతే ఆ లైను దగ్గరే ఆగిపోయాను.

మూడోది సగటు గురించి. మగవాళ్లందరినీ ఒక వరసలో, ఆడవాళ్లందరినీ ఇంకో వరసలో నిలబెడితే తేడా పెద్దదే. కానీ మీరు సగటు మగవాడు కాదు, మీ ఆవిడ సగటు ఆడమనిషి అసలే కాదు. వెయిట్‌లిఫ్టింగే తీసుకోండి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల 69 కిలోల విభాగంలో బంగారు పతకం 242.5 కిలోలకి వచ్చింది, మన ఆమదాలవలస అమ్మాయి కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో (ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. మగవాళ్లలో అదే 69 కిలోల విభాగంలో బంగారం 357.5 కిలోలకి వెళ్లింది. ఒంటి బరువు ఒకటే, తేడా చూశారుగా, శరీరాల మధ్య ఈ దూరం ఉందని ఎవరూ కాదనలేరు, అందుకే రెండు విభాగాలు పెట్టారు. అయినా ఆ 130 కిలోల బార్‌ని తలపైకి ఎత్తగల మగవాళ్లు మీ ఆఫీసులో ఎంతమంది ఉంటారు? మా వీధిలో ఒక్కరు కూడా లేరు. పుట్టుకతో వచ్చిన తేడా మీద ఆరేడేళ్ల సాధన వచ్చి కూర్చుంటే లెక్క మారుతుంది. లిఫ్టింగ్‌కి పేరున్న, విజయనగరం వైపు కొండవెలగాడ లాంటి పల్లెల్లో ఆడపిల్లలు ఎలా సాధన చేస్తారో చూసినవాళ్లకి ఇదేం వింత కాదు.

ఇంకో చిన్న విషయం, నా వృత్తి కాబట్టి చెప్పకుండా ఉండలేను. గ్యాస్ 14.2 కిలోలు, ఖాళీ బండ ఇంకో 15 కిలోలు, రెండూ కలిపి 30కి కాస్త తక్కువ. మీరు దాన్ని చేతులు చాపి, ఒంటికి దూరంగా పట్టుకుని, నడుం వంచి లాగారు (ఉత్తరంలో మీరు రాసిన తీరు బట్టి చెప్తున్నాను). అలా పట్టుకుంటే బరువంతా నడుం మీద, ముంజేతుల మీద పడుతుంది. ఆవిడ దగ్గరకి జరిగి ఉంటుంది, మోకాళ్లు వంచి వీపు నిటారుగా పెట్టి ఉంటుంది, బండని ఒంటికి ఆనించుకుని కాళ్లతో లేచి ఉంటుంది. లేచిన ఊపులోనే భుజం కిందకి దూరి ఉంటుంది. లిఫ్టర్లకి నేర్పేదే అది. తేడాలో సగం అక్కడే ఉంది.

హార్మోన్ల సంగతి. బక్కగా ఉండటం జబ్బు కాదు. కోరిక బాగా తగ్గిపోవడం, ఎప్పుడూ నీరసం, గడ్డం మీసం పలచబడటం లాంటివి ఉంటే డాక్టర్ దగ్గరకి వెళ్లండి, టెస్టోస్టిరాన్ పరీక్ష ఉదయం పూట చేస్తారు, ఒక్కసారి తక్కువ వస్తే మళ్లీ చేసి చూస్తారు. అవేమీ లేవని మీరే రాశారు. అలాంటప్పుడు కేవలం బండ మోయలేకపోయానని టెస్టుల చుట్టూ తిరిగితే టెన్షన్ తప్ప ఏమీ రాదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను, జిమ్‌లో ఎవరైనా ఇంజెక్షన్ తీసుకో, కండ వస్తుంది అంటే ఆ జోలికి పోవద్దు. బయటి నుంచి ఆ హార్మోన్ ఎక్కిస్తే ఒళ్లు సొంతంగా తయారు చేసుకోవడం ఆపేస్తుంది, వీర్యకణాలు పడిపోతాయి.

ఇక అసలు విషయం. మీరు రాసిన నాలుగు పేజీల్లో మూడు పేజీలు మీ బలం గురించే ఉన్నాయి. నాకు మాత్రం మీ ఇంట్లో దెబ్బ తగిలింది ఆవిడకి అనిపిస్తోంది. మీకు తగిలింది ఎగతాళి, అది బాధే, కాదనను, వాట్సాప్‌లో పదిమంది నవ్వితే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. ఆవిడ మాత్రం పెళ్లయ్యాక మొదటిసారి మళ్లీ తన పని తనకి దొరికితే, ఏ తప్పూ చేయకుండా దాన్ని పోగొట్టుకుంది. మీరు మానెయ్ అనడం తప్పు. మీరు మంచివారు కాబట్టే ఇది సూటిగా చెప్తున్నాను, తప్పని మీకూ తెలుసు, లేకపోతే బియ్యం బస్తా గురించి రాసేవారు కాదు.

ఏం చేయొచ్చో, చేస్తే ఏమవుతుందో చెప్తాను, ఎంచుకునేది మీరు.

ఏమీ మాట్లాడకుండా రోజులు గడవనివ్వొచ్చు. చాలా ఇళ్లలో చేసేది అదే, కొన్నాళ్లకి ఆవిడ బస్తా ఎత్తడం మొదలుపెడుతుంది, పైకి అంతా మామూలుగానే ఉంటుంది. కానీ ఇలా అణిగిన మాట పదేళ్ల తర్వాత ఏదో పెళ్లిలో, ఏదో చిన్న విషయం మీద బయటికి వస్తుంది. నేను మా చుట్టాల్లో చూశాను. పైగా జిమ్‌వాళ్లు ఆ చోటు ఎప్పటిదాకానో ఖాళీగా ఉంచరు.

లేదా "సరేలే, వెళ్లు" అనొచ్చు. మీకు ఇదే సులువు అనిపిస్తుంది, కారణం చెప్పక్కర్లేదు కదా. వెళ్తే వెళ్తుంది కూడా. అయితే ఒకరోజు మానెయ్, ఇంకోరోజు వెళ్లు అంటే ఆవిడ పని మీ మూడ్ మీద ఆధారపడినట్టు అవుతుంది, మళ్లీ ఎప్పుడు మానెయ్ అంటారో అన్న అనుమానం ఆవిడకి ఉండిపోతుంది. నేనైతే ఇది వద్దంటాను.

లేదా జరిగింది జరిగినట్టు చెప్పొచ్చు. వీడియో చూశాను, అమ్మ ఆ మాట అంది, గ్రూపులో నవ్వారు, నాకు సిగ్గేసింది, ఆ సిగ్గు నీ మీద చూపించాను, నిన్ను మానెయ్యమనడం తప్పు. ఇంతే, ఇంతకంటే పెద్ద మాటలు వద్దు. చెప్పగానే ఆవిడ కరిగిపోతుందని అనుకోకండి. ఇన్నాళ్లూ ఆ సంగతి మనసులోనే పెట్టుకున్న మనిషి మొదట కోప్పడొచ్చు, పాతవి కూడా తవ్వొచ్చు, "ఇప్పుడు గుర్తొచ్చిందా" అనొచ్చు. వినండి, మధ్యలో అడ్డుపడకండి. మళ్లీ వెళ్లాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం, వద్దంటే బలవంతం చేయకండి, వెళ్తానంటే ఉదయం ఆ రెండు గంటలు బాబుని స్కూలుకి తయారు చేయడం, క్యారేజీ కట్టడం మీ పని అవుతుంది, దానికి ముందే సిద్ధపడండి. మాటతో పాటు ఆ పని కూడా మీరు ఎత్తుకుంటేనే ఆవిడకి నమ్మకం కుదురుతుంది.

మీరు జిమ్‌కి వెళ్లాలా అని అడిగారు. వెళ్లండి, కానీ ఎందుకో ముందు తేల్చుకోండి. ఆవిడని దాటాలని వెళ్తే ఏడాది తర్వాత కూడా దాటకపోవచ్చు, అప్పుడు ఈ బాధ రెండింతలవుతుంది. నడుం నొప్పి లేకుండా బండ ఎత్తాలి, నలభై దాటాక కండ కరిగిపోకూడదు అని వెళ్తే వారానికి మూడు రోజులు చాలు, కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి మొదటి మూడు నాలుగు నెలల్లోనే తేడా బాగా తెలుస్తుంది. నేర్చుకోవడం ఎవరి దగ్గర అన్నది ఇంకో ప్రశ్న. ఆవిడ దగ్గరే నేర్చుకోవచ్చు, ఇంట్లోనే పెద్ద గురువు ఉంది. అయితే ముందు ఆ క్షమాపణ సంగతి తేలాలి, అది తేలకుండా "నాకు నేర్పు" అంటే రాజీ కోసం వేసిన ఎత్తులా ఉంటుంది. భార్య దగ్గర నేర్చుకోవడం మీకు ఇబ్బందిగా ఉంటే వేరే చోటికి వెళ్లండి, అందులో తప్పేం లేదు, కొందరు భార్యాభర్తలు కారు డ్రైవింగ్ నేర్చుకుంటూనే కొట్టుకుంటారు.

బావమరిదికి మీరే ఫోన్ చేసి, ఆ వీడియో తీసేయమని, నవ్వకుండా, మామూలు గొంతుతో చెప్పండి. కుర్రాడు, సరదాకి పెట్టాడు, తీసేస్తాడు. ఈ పని మీ ఆవిడ మీద పెట్టకండి, తమ్ముడికీ మొగుడికీ మధ్య ఆవిడని నిలబెట్టినట్టవుతుంది. మీ అమ్మగారితో మాత్రం వాదించొద్దు. ఆవిడ కాలంలో నూతి నీళ్లు తోడింది, పిండి రుబ్బింది, నెత్తి మీద కట్టెలు మోసింది ఎవరో ఒకసారి అడిగి చెప్పించుకోండి చాలు.

ఇక బాబు ప్రశ్న. వాడు మళ్లీ అడుగుతాడు, ఏడేళ్ల పిల్లలు ఇలాంటివి వదలరు. అడిగినప్పుడు "బరువులు ఎత్తడంలో మీ అమ్మే" అని చెప్పండి, అది నిజం కాబట్టి. వెంటనే "ఎందుకు?" అంటాడు. ఆ జవాబు మీరు చెప్పకండి, "అమ్మనే అడుగు, ఊళ్లో ఎలా నేర్చుకుందో చెప్తుంది" అని పంపించండి. మీరు కూడా వెళ్లి పక్కన కూర్చోండి, పెళ్లై ఇన్నేళ్లయినా ఆ కథ మొత్తం మీరు ఎప్పుడూ అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు.